పాఠం 12: చిన్న ఊరికి స్వచ్ఛంద అంబులెన్స్ సేవ – స్థాపన, నిలకడ

విషయక్రమం

12.1 లక్ష్యాలు
12.2 పరిచయం
12.3 అంబులెన్స్ భావన, మూడు ఆలస్యాలు
12.4 స్వచ్ఛంద అంబులెన్స్ సేవలు పుట్టిన తీరు
12.5 108: తెలుగునాట అనుభవం
12.6 వరికుంటపాడు: ఒక క్షేత్ర అభ్యాసం
12.7 సేవను స్థాపించడంలో దశలు
12.8 చట్టపరమైన రక్షణ, బాధ్యత
12.9 సారాంశం
12.10 కీలక పదాలు
12.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

12.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• అత్యవసర వైద్యంలో ‘మూడు ఆలస్యాలు’ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• వివిధ దేశాలలో స్వచ్ఛంద అంబులెన్స్ సేవలు ఏ పరిస్థితులలో పుట్టాయో, వాటిలో ఏవి ఎందుకు నిలిచాయో పోల్చి చెప్పగలుగుతారు.
• 108 సేవ ఆవిర్భావాన్ని, దాని ఆర్థిక నిర్మాణాన్ని విశ్లేషించగలుగుతారు.
• మీ మండలానికి తగిన స్వచ్ఛంద సేవా ప్రణాళికను లెక్కలతో సహా తయారు చేయగలుగుతారు.

12.2 పరిచయం

గత పాఠాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి బోధనాసుపత్రి వరకు మన ఆరోగ్య వ్యవస్థ అంచెలను గురించి తెలుసుకున్నారు. ఈ అంచెలన్నీ రోగి ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన తర్వాతే పనిచేస్తాయి. గుమ్మం దాకా రావడం ఎలా అనేది వేరే ప్రశ్న. ఒకప్పుడు పల్లెల్లో నులకమంచాన్ని నలుగురు భుజాన మోసేవారు. తర్వాత ఎద్దులబండి, ఆ తర్వాత ట్రాక్టరు, ఆటో వచ్చాయి. ఇప్పుడు 108 వాహనం ఉంది. అయినా జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న మండలాలలో ప్రాణాలు ఇంకా దారిలోనే పోతున్నాయి.

ఇటువంటి మరణం జరిగిన ప్రతిసారీ ఊరిలో ఒక మాట వినిపిస్తుంది: “మనకంటూ ఒక అంబులెన్స్ ఉంటే బాగుండేది.” చందాలు పోగవుతాయి, లేదా ఊరినుంచి వెళ్లి బాగుపడిన ఒక దాత ముందుకు వస్తాడు. వాహనం కొంటారు, కొబ్బరికాయ కొడతారు, పత్రికలో ఫొటో వస్తుంది. రెండో ఏడు ఇన్సూరెన్స్ కట్టే నాటికి ఆ ఉత్సాహం ఎంత మిగులుతుందన్నదే అసలు పరీక్ష. వాహనం కొనడానికీ, సేవను స్థాపించడానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించడం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

12.3 అంబులెన్స్ భావన, మూడు ఆలస్యాలు

‘అంబులెన్స్’ అనే మాటకు మూలం ‘నడిచే ఆసుపత్రి’ అనే అర్థం గల ఫ్రెంచి పదబంధం. సైన్యం వెంట కదిలే వైద్యశాలను అలా పిలిచేవారు. 18వ శతాబ్దం చివరి దశకంలో ఫ్రెంచి సైనిక శస్త్రవైద్యుడు డొమినిక్ జాన్ లారే తేలికపాటి గుర్రపుబండ్లను యుద్ధభూమిలోకే పంపే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అంతకుముందు క్షతగాత్రులు పోరు ముగిసేవరకు అక్కడే పడి ఉండేవారు. వైద్యం రోగి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన ఆనాడే అంబులెన్స్ భావనలో చేరింది. మన ఊళ్లలో ఇది తరచుగా మరుగున పడుతుంది. అంబులెన్స్ అంటే పడుకోబెట్టి తీసుకుపోయే వాహనం అనే అర్థమే మిగిలింది.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మైన్ అనే పరిశోధకులు ప్రసూతి మరణాలను విశ్లేషిస్తూ ఒక నమూనాను ప్రతిపాదించారు. దీనిని ‘మూడు ఆలస్యాల నమూనా’ అంటారు.

మొదటి ఆలస్యం: వైద్యం అవసరమని గుర్తించి, బయలుదేరాలని నిర్ణయించుకోవడంలో జరిగేది.
రెండవ ఆలస్యం: తగిన ఆసుపత్రికి చేరుకోవడంలో జరిగేది. దూరం, రోడ్డు, వాహనం దీనికి కారణాలు.
మూడవ ఆలస్యం: ఆసుపత్రికి చేరిన తర్వాత సరైన చికిత్స అందడంలో జరిగేది. వైద్యుడు, రక్తం, మందు, పరికరం లేకపోవడం దీనికి కారణాలు.

ప్రసూతి కోసం రూపొందిన ఈ నమూనా పాముకాటుకు, పక్షవాతానికి, గుండెపోటుకు, రోడ్డు ప్రమాదానికి కూడా వర్తిస్తుంది. పొలంలో పాము కరిచిన మనిషిని ముందు మంత్రగాడి దగ్గరకు తీసుకుపోతే అది మొదటి ఆలస్యం. ఆటో దొరకకపోతే రెండవది. చేరిన చోట విరుగుడు మందు లేక మరో ఆసుపత్రికి పంపితే మూడవది. వాహనం తగ్గించగలిగేది ఈ మూడింటిలో రెండవదాన్ని మాత్రమే. మిగిలిన రెండింటినీ తగ్గించాలంటే శిక్షణ పొందిన మనుషులు కావాలి, ముందుగా చేసుకున్న ఏర్పాట్లు కావాలి. ఈ విషయాన్ని గుర్తుంచుకుని తర్వాతి భాగాలు చదవండి.

12.4 స్వచ్ఛంద అంబులెన్స్ సేవలు పుట్టిన తీరు

12.4.1 వియన్నా, 1881

1881 డిసెంబరు 8న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో రింగ్ థియేటర్ అనే నాటకశాల కాలిపోయింది. వందలమంది చనిపోయారు. గాయపడినవారిని బయటికి తెచ్చి చికిత్స చేసే ఏర్పాటు నగరానికి లేదని ఆ రాత్రి అందరికీ అర్థమయింది. మరునాడే వైద్యుడు యారోమీర్ ముండీ, మరికొందరు ప్రముఖులతో కలిసి స్వచ్ఛంద రక్షక సంఘాన్ని స్థాపించాడు. ఒక విషాదం, దానికి వెంటనే స్పందించిన కొద్దిమంది, వారిలో ఒక వైద్యుడు: ఈ కలయిక తర్వాత చాలాచోట్ల కనిపిస్తుంది.

12.4.2 కరాచీ, 1950వ దశకం

గుజరాత్‌లోని బాంట్వాలో 1928లో పుట్టిన అబ్దుల్ సత్తార్ ఈధి దేశవిభజన సమయంలో కరాచీ చేరాడు. అక్కడ చిన్న మందులశాల నడిపాడు. 1957లో ఫ్లూ జ్వరం ప్రబలినప్పుడు గుడారాలు వేసి రోగులను చూసుకున్నాడు. విరాళాలతో ఒక పాత వ్యాన్ కొని తానే నడిపాడు. అక్కడి నుంచి మొదలైన సంస్థ ప్రపంచంలోనే అతి పెద్ద స్వచ్ఛంద అంబులెన్స్ సేవలలో ఒకటిగా ఎదిగింది. 2016లో ఈధి మరణించిన తర్వాత కూడా అది కొనసాగుతున్నది. ఆయన ప్రభుత్వ సహాయం తీసుకోలేదు, లెక్కలేనంతమంది చిన్న దాతల మీద ఆధారపడ్డాడు. ఒక దాత తప్పుకున్నా ఆగిపోని నిర్మాణం అది.

12.4.3 పిట్స్‌బర్గ్, 1967

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో అప్పట్లో రోగులను పోలీసు వ్యాన్లలో తీసుకుపోయేవారు. లోపల చికిత్స చేసేవారు ఉండరు. నల్లజాతివారు నివసించే హిల్ డిస్ట్రిక్ట్‌లో ఆ పాటి సేవ కూడా సరిగా అందేది కాదు. 1967లో ఆ పేటవాసుల సంస్థ ‘ఫ్రీడమ్ హౌస్’, వైద్యుడు పీటర్ సఫార్ కలిసి ఒక ప్రయోగం చేశారు. పేటలోని నిరుద్యోగ యువకులను ఎంపిక చేసి, సుమారు 300 గంటల కఠిన శిక్షణ ఇచ్చి అంబులెన్స్‌లలో నియమించారు. ఆధునిక పారామెడిక్ వృత్తికి దారి వేసినవారిలో వీరు ముఖ్యులు. అయితే నగర ప్రభుత్వం 1975లో సొంత సేవను ప్రారంభించి ఫ్రీడమ్ హౌస్‌ను ముగించింది. ఈ ఉదాహరణ రెండు విషయాలు చెబుతుంది. డిగ్రీలు లేనివారు కూడా సరైన శిక్షణతో ప్రాణాలు నిలపగలరు. పని ఎంత బాగా జరిగినా, నిధుల తాళం చెవి ఒకరి చేతిలోనే ఉంటే సేవ వారి నిర్ణయానికి లోబడి ఉంటుంది.

12.4.4 జల్పాయిగుడి, పశ్చిమ బెంగాల్

తేయాకు తోట కార్మికుడు కరీముల్ హక్ తల్లి 1995లో అంబులెన్స్ దొరకక చనిపోయింది. తర్వాత ఆయన తన మోటారుసైకిలు మీద రోగులను ఆసుపత్రికి చేర్చడం మొదలుపెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇరుకు దారులున్నచోట ఖరీదైన వాహనం కన్నా రెండు చక్రాల బండి త్వరగా చేరగలదని ఈ ఉదాహరణ చూపుతుంది. అయితే వెన్నెముక దెబ్బతిన్న రోగిని మోటారుసైకిలు మీద కూర్చోబెట్టడం ప్రమాదకరం. కాబట్టి వాహనం ఎంపిక రోగి స్థితిని బట్టి, దారిని బట్టి ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. మూడు ఆలస్యాలను మీ ఊరిలో జరిగిన ఒక సంఘటనకు అన్వయించి రాయండి.
2. ఈధి సంస్థకు, ఫ్రీడమ్ హౌస్‌కు నిధుల విషయంలో గల తేడా ఏమిటి?

12.5 108: తెలుగునాట అనుభవం

12.5.1 ఆవిర్భావం

2005కు ముందు ఆంధ్రప్రదేశ్‌లో అంబులెన్స్‌లు లేకపోలేదు. ప్రభుత్వాసుపత్రులకు, ప్రైవేటు ఆసుపత్రులకు, రెడ్‌క్రాస్ వంటి సంస్థలకు వాహనాలు ఉండేవి. లేనిది వాటన్నిటినీ కలిపే ఏర్పాటు. ఆపదలో ఉన్న మనిషి ఎవరికి ఫోన్ చేయాలో, వాహనం ఎప్పుడు వస్తుందో, ఎంత అడుగుతారో తెలిసేది కాదు.

సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు, ఆయన కుటుంబం ఈఎంఆర్‌ఐ పేరుతో లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. రాష్ట్ర ప్రభుత్వంతో అవగాహన కుదుర్చుకుని, 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా 108 సేవను ప్రారంభించారు. డబ్బు చెల్లించనక్కరలేని ఒకే మూడంకెల నంబరు, ఫోన్లన్నీ ఒకేచోట అందుకునే కేంద్రం, వాహనంలో శిక్షణ పొందిన అత్యవసర వైద్య సహాయకుడు, ‘పైలట్’ అని పిలిచే డ్రైవరు దీని ప్రధానాంగాలు. వాహనంలోని సహాయకుడు కేంద్రంలోని వైద్యుని సలహా ఫోన్‌లో తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆపదను గుర్తించడం, చేరుకోవడం, సంరక్షించడం అనే మూడు పనులను ఒకే గొలుసుగా కలపడం ఈ సేవలోని కొత్తదనం.

12.5.2 ప్రజాసేవగా మార్పు

ఆరంభంలో వ్యయాన్ని స్థాపకులు భరించారు. సేవ విస్తరించిన కొద్దీ ఖర్చు ఏ దాతకూ మోయలేనంత పెరిగింది. నిర్వహణ వ్యయంలో అధిక భాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించే పద్ధతి వచ్చింది. 2005 ఏప్రిల్‌లోనే ప్రారంభమయిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఇటువంటి సేవలకు కేంద్ర నిధులకు కూడా మార్గం ఏర్పడింది. గుజరాత్ మొదలైన రాష్ట్రాలు ఈ నమూనాను స్వీకరించాయి.

2009 జనవరి 7న సత్యం సంస్థ ఖాతాలలో జరిగిన మోసాన్ని రామలింగరాజు స్వయంగా అంగీకరించారు. 108 స్థాపకుడు ఒక్కరోజులో తెరమరుగయ్యారు. ఆయన దాతృత్వం మీదే సేవ పూర్తిగా ఆధారపడి ఉన్నట్లయితే ఆ నెలలోనే వాహనాలు ఆగిపోయేవి. అప్పటికే ప్రభుత్వ నిధులు, శిక్షణ పొందిన సిబ్బంది, స్థిరపడిన పద్ధతులు ఉండడం వల్ల సేవ కొనసాగింది. అదే సంవత్సరం జీవీకే సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకున్నది. తర్వాతి కాలంలో నిర్వాహక సంస్థలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను ఒకేసారి ప్రారంభించారు. ప్రభుత్వాలు మారాయి, నిర్వాహకులు మారారు, నంబరు మాత్రం మారలేదు.

స్వచ్ఛంద సేవను స్థాపించాలనుకునేవారు ఈ చరిత్ర నుంచి నేర్చుకోవలసినది ఇదే. స్థాపకుడు లేని రోజును స్థాపన నాడే ఊహించి ఏర్పాట్లు చేయాలి.

12.5.3 పరిమితులు

108 ఉండగా స్వచ్ఛంద సేవ ఎందుకు అనే ప్రశ్న సహజం. ఒక వాహనం ఒక సమయంలో ఒక రోగినే తీసుకుపోగలదు. అది దూరపు ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెనుక ఉన్న ప్రాంతం ఖాళీగా ఉంటుంది. రాత్రివేళ, ఫోన్ సిగ్నల్ అందని కొండదారిలో, పేరు తెలియని కాలనీలో చిరునామా దొరకబుచ్చుకోవడం కష్టం. ఈ ఖాళీలను పూరించడానికే స్వచ్ఛంద సేవ కావాలి. 108తో పోటీపడే సేవను నడపాలనుకోవడం శక్తిని వృథా చేసుకోవడమే.

12.6 వరికుంటపాడు: ఒక క్షేత్ర అభ్యాసం

ఇప్పుడు ఒక మండలాన్ని తీసుకుని ప్రణాళిక వేద్దాం. నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో, ఉదయగిరి ప్రాంతంలో ఉన్న మండలం వరికుంటపాడు. వర్షాధార పంటలు, చెరువుల మీద ఆధారపడే సేద్యం ఇక్కడి జీవనాధారం. పనుల కోసం నగరాలకు వెళ్లినవారి ఇళ్లలో వృద్ధులు మాత్రమే మిగలడం ఇటువంటి ప్రాంతాలలో సాధారణం. దగ్గరలోని పెద్ద ఊళ్లు ఉదయగిరి, పామూరు. పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉన్న నెల్లూరు చేరాలంటే సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించాలి. దుత్తలూరు, వింజమూరు మీదుగానో, ఆత్మకూరు మీదుగానో వెళ్లాలి.

కింది లెక్క అభ్యాసం కోసం వేసినది. మీ మండలానికి మీరే దూరాలు, వేగాలు కొలిచి మార్చుకోవాలి.

12.6.1 కాలం లెక్క

వాహనం సగటున గంటకు 50 కిలోమీటర్లు వెళుతుందనుకుందాం.
వరికుంటపాడు నుంచి నెల్లూరుకు: 2 గంటలు
ఆసుపత్రిలో రోగిని అప్పగించి, వాహనం శుభ్రం చేసుకోవడానికి: అరగంట
తిరుగు ప్రయాణం: 2 గంటలు
మొత్తం: 4½ గంటలు

అంటే ఊరు చందాలు వేసుకుని కొన్న ఒకే ఒక వాహనం నెల్లూరుకు వెళ్లిన ప్రతిసారీ నాలుగున్నర గంటలపాటు ఊరికి అందుబాటులో ఉండదు. ఉదయం పక్షవాతం వచ్చిన రోగిని తీసుకువెళితే మధ్యాహ్నం పాము కరిచిన కూలీకి అది లేనట్లే. ఉదయగిరిలోనో, ఆత్మకూరులోనో రోగిని మరో వాహనానికి అప్పగించే ఏర్పాటు ముందే చేసుకుంటే ఈ ఖాళీ బాగా తగ్గుతుంది. దీనినే ‘అంచెల తరలింపు’ అనవచ్చు. అయితే అప్పగింత కోసం రోగిని రోడ్డు మీద ఎదురుచూసేలా చేయకూడదు. ఎవరి వాహనం ఎక్కడ కలవాలో ఫోన్‌లో ఖాయం చేసుకున్న తర్వాతే బయలుదేరాలి.

12.6.2 ప్రాణం లెక్క

గుండె ఆగిన మనిషి మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాలలో దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాలలోనే ప్రాణాపాయం. 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న వాహనం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చినా అరగంట పడుతుంది. ఆ అరగంటలో రోగి పక్కన ఎవరున్నారనేదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కడం తెలిసిన కిరాణా దుకాణదారుడు, కారుతున్న రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టగల ఆటో డ్రైవరు ఆ క్షణంలో ఏ వాహనం కన్నా ఎక్కువ విలువైనవారు.

పాముకాటు ఇటువంటి ప్రాంతాలలో ప్రధాన సమస్య. కరిచిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. రోగిని నడిపించకుండా, కరిచిన అవయవం కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి ‘ఏమీ కాలేదు’ అని ఇంట్లోనే పడుకోబెడతారు. ఇది మొదటి ఆలస్యానికి స్పష్టమైన ఉదాహరణ. అలాగే మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడడం కనిపిస్తే అది పక్షవాతమని గుర్తించి, లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసిపెట్టాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. దానికి ముందు సీటీ స్కాన్ తీయాలి. వరికుంటపాడు నుంచి ప్రయాణానికే రెండు గంటలు పోతాయి. ‘తెల్లారాక చూద్దాం’ అనుకుంటే ఆ అవకాశం పూర్తిగా చేజారిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. మీ ఊరి నుంచి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఎంత దూరం? కాలం లెక్క వేయండి.
2. పాముకాటుకు గురైన వ్యక్తి విషయంలో చేయకూడని మూడు పనులను పేర్కొనండి.

12.7 సేవను స్థాపించడంలో దశలు

12.7.1 సర్వే

మొదట గత ఏడాది మండలంలో జరిగిన అత్యవసర సంఘటనల జాబితా తయారు చేయాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, ఊరి ఆర్‌ఎంపీలు, ఆటో డ్రైవర్లు చెప్పగలరు. ఏ ఊరు, ఏ వేళ, ఏ జబ్బు, ఎంతసేపటికి ఏ ఆసుపత్రికి చేరారు, ఎక్కడ ఆలస్యమయింది అనే వివరాలు రాయాలి. చాలా సందర్భాలలో మొదటి ఆలస్యమే ఎక్కువని తేలితే, వాహనం కన్నా ముందు ప్రచారం, శిక్షణ చేపట్టాలి. రెండవ ఆలస్యం ఎక్కువైతేనే వాహనం ఆలోచన చేయాలి.

12.7.2 మనుషులు

వాహనాన్ని 24 గంటలు నడపాలంటే ఎంతమంది కావాలి? రోజుకు 8 గంటల చొప్పున మూడు విడతలు. వారానికి 21 విడతలు. ప్రతి విడతకు డ్రైవరు ఒకరు, సహాయకుడు ఒకరు. అంటే వారానికి 42 విధులు. ఒక్కొక్కరు వారానికి ఒక విడత ఇస్తే 42 మంది కావాలి. పెళ్లిళ్లు, కోతలు, జ్వరాలు ఉంటాయి కాబట్టి కనీసం 50 మంది ఉండాలి. ఒక మండల కేంద్రానికి ఇది చిన్న సంఖ్య కాదు. రాత్రి విడత మాత్రమే నడిపితే 14 విధులు. 20 మందితో సరిపెట్టుకోవచ్చు. ‘24 గంటల సేవ’ అని బోర్డు రాసి ఫోన్ ఎత్తకపోవడం కన్నా, ‘రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు’ అని రాసి ప్రతిసారీ ఎత్తడం మేలు. ఫోన్ ఎత్తుతారన్న నమ్మకంతో ఎదురుచూసిన కుటుంబం వేరే ఆటో పిలవదు. నెరవేరని వాగ్దానం సేవ లేకపోవడం కన్నా ప్రమాదకరం.

శిక్షణ విషయంలో నెల్లూరు జిల్లాకు తనదైన అనుభవం ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాలను నడిపి, గ్రామాల నుంచి వచ్చిన యువకులకు ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకు పంపారు. సామాన్యులకు వైద్య పరిజ్ఞానాన్ని అందించవచ్చునన్న ఆ దృక్పథమే స్వచ్ఛంద అంబులెన్స్ సేవకు కూడా పునాది. నేడు రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు ఇస్తున్నాయి. నేర్చుకున్నది మరచిపోకుండా ఆరు నెలలకొకసారి పునశ్చరణ ఏర్పాటు చేయాలి.

స్వచ్ఛంద కార్యకర్త చేయగల చిన్న పనులను కూడా జాబితాలో చేర్చండి. 108 వస్తున్నప్పుడు మెయిన్ రోడ్డు మీద టార్చిలైటుతో నిలబడి దారి చూపడం, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డులు, వాడుతున్న మందుల చీటీలు సంచిలో పెట్టించడం, బయలుదేరగానే ఆసుపత్రికి ఫోన్ చేసి రోగి స్థితి చెప్పడం, పిల్లలు దూరాన ఉన్న వృద్ధుల వెంట ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండడం: వీటికి వాహనం అక్కరలేదు. మొదటి, మూడవ ఆలస్యాలను ఇవే తగ్గిస్తాయి.

12.7.3 సంస్థ

సేవను వ్యక్తి పేరు మీద కాక సంఘం పేరు మీద నడపాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి సొసైటీని నమోదు చేసుకోవచ్చు. కార్యవర్గంలో అన్ని పేటల వారూ, మహిళలూ ఉండేలా చూడాలి. అర్ధరాత్రి ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన ఫోన్‌కూ, ఊరి నడుమ పెద్దింటి నుంచి వచ్చిన ఫోన్‌కూ ఒకే వేగంతో స్పందన రావాలి. ఎన్నికల సమయంలో వాహనం మీద ఏ పార్టీ రంగూ కనిపించకూడదు. వాహనం ఒక వర్గానిదన్న భావన ఏర్పడితే రెండో వర్గం ఫోన్ చేయడం మానేస్తుంది.

12.7.4 నిధులు

కొనుగోలు ధరను ఒకసారి వచ్చే ఖర్చుగానూ, నిర్వహణను ప్రతినెలా వచ్చే ఖర్చుగానూ విడదీయాలి. నెల్లూరుకు పోయిరావడం 200 కిలోమీటర్లు. వాహనం లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 20 లీటర్ల డీజిల్. నెలకు 15 ప్రయాణాలైతే 300 లీటర్లు. నేటి ధరతో గుణించి చూడండి. దానికి టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ పరీక్ష, ఆక్సిజన్ సిలిండరు నింపడం, చేతి తొడుగులు, దూది కలపండి. అప్పుడు వచ్చే మొత్తానికి కనీసం రెండేళ్ల హామీ లభించిన తర్వాతే వాహనం కొనాలి. ఒక దాత లక్ష ఇవ్వడం కన్నా వెయ్యి ఇళ్లు నెలకు కొద్దికొద్దిగా ఇవ్వడం సేవకు ఎక్కువ భద్రత. నెలవారీ జమాఖర్చును గ్రామ సచివాలయం దగ్గర నోటీసు బోర్డులో అతికించాలి.

12.7.5 రికార్డు

ప్రతి పిలుపుకూ ఒక వరుస రాయాలి: ఫోన్ వచ్చిన సమయం, బయలుదేరిన సమయం, రోగిని చేరిన సమయం, ఆసుపత్రి చేరిన సమయం, ఇచ్చిన ప్రథమ చికిత్స. వెళ్లలేకపోయిన పిలుపులను కూడా కారణంతో సహా రాయాలి. ఆరు నెలల తర్వాత ఈ రిజిస్టరే మీ సేవ ఎక్కడ లోపిస్తున్నదో చూపుతుంది. ఫలానా ఆసుపత్రిలో విరుగుడు మందు లేదనో, ఫలానా రోడ్డు గుంతల వల్ల ఇరవై నిమిషాలు పోతున్నాయనో అధికారులను అడగడానికి ఆధారమూ ఇదే. రోగి పేరు, జబ్బు వివరాలు మాత్రం గోప్యంగా ఉంచాలి. రోగుల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడం పూర్తిగా నిషేధించాలి.

12.8 చట్టపరమైన రక్షణ, బాధ్యత

రోడ్డు ప్రమాదంలో పడి ఉన్నవారిని చూసి కూడా పోలీసు కేసు, కోర్టు తిరుగుడు భయంతో తప్పుకుపోవడం మనకు తెలిసిందే. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, క్షతగాత్రునికి ముందుగా చికిత్స అందించడం ప్రతి వైద్యుని బాధ్యత అని స్పష్టం చేసింది. 2016 మార్చి 30న సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో, సహాయకుల రక్షణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు చట్టబద్ధత కల్పించింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షన్‌ను చేర్చింది. 2020లో దాని నియమాలు వెలువడ్డాయి. వాటి ప్రకారం సద్బుద్ధితో సాయపడిన వ్యక్తిపై, ఆ సాయంలో జరిగిన పొరపాటుకు సివిల్ లేదా క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, చిరునామా చెప్పాలని బలవంతం చేయరాదు. ఆసుపత్రిలో నిర్బంధించరాదు.

ఇక్కడ రెండు పరిమితులు గమనించాలి. ఈ రక్షణ మోటారు వాహన ప్రమాదాలకు సంబంధించినది. అలాగే చట్టం నిర్వచనం ప్రకారం ఆ వ్యక్తి స్వచ్ఛందంగా, ప్రతిఫలం ఆశించకుండా సాయపడి ఉండాలి. రోగి నుంచి రుసుము తీసుకునే సేవ ఈ నిర్వచనం కిందికి వస్తుందని అనుకోరాదు. కాబట్టి రోగి కుటుంబం నుంచి ప్రయాణ సమయంలో ఏ మొత్తమూ తీసుకోకూడదన్న నియమం నైతికంగానే కాక చట్టపరంగా కూడా మంచిది.

వాహనం విషయంలో బాధ్యతలు ఉన్నాయి. మామూలు వ్యాన్‌కు సైరన్ బిగిస్తే అంబులెన్స్ కాదు. అంబులెన్స్‌ల నిర్మాణానికి దేశంలో ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. రోగిని తరలించేది, ప్రాథమిక ప్రాణరక్షణ సదుపాయం ఉన్నది, ఉన్నత ప్రాణరక్షణ సదుపాయం ఉన్నది అంటూ అది వాహనాలను వర్గీకరిస్తుంది. ఆ ప్రకారమే రవాణా శాఖలో నమోదు చేయించాలి. మీరు నడుపుతున్నది ఏ తరగతి వాహనమో ప్రజలకు స్పష్టంగా చెప్పాలి. వెంటిలేటరు అవసరమైన రోగిని స్ట్రెచరు మాత్రమే ఉన్న వాహనంలో ఎక్కించుకోవడం సేవ అనిపించుకోదు. అటువంటప్పుడు 108కు ఫోన్ చేసి, అది వచ్చేవరకు రోగి పక్కన ఉండడమే సరైన పని.

12.9 సారాంశం

అంబులెన్స్ సేవ అంటే రోగికీ చికిత్సకూ మధ్య ఉన్న మూడు ఆలస్యాలను తగ్గించే ఏర్పాటు. వాహనం రెండవ ఆలస్యాన్ని మాత్రమే తగ్గిస్తుంది. వియన్నా, కరాచీ, పిట్స్‌బర్గ్, జల్పాయిగుడి ఉదాహరణలు సేవలు ఎలా పుడతాయో చూపుతాయి. స్థాపకుడు తెరమరుగైనా 108 కొనసాగడం, సేవ ఒక వ్యక్తి మీద కాక నిధుల వ్యవస్థ, సిబ్బంది, పద్ధతుల మీద నిలవాలని తెలుపుతుంది. వరికుంటపాడు వంటి దూరపు మండలంలో ఒకే వాహనం గంటల తరబడి అందుబాటులో లేకుండా పోతుంది. అందువల్ల ప్రతి ఊరిలో ప్రథమ చికిత్స తెలిసిన కొద్దిమందిని తయారు చేయడం మొదటి మెట్టు. వాహనం తర్వాతి మెట్టు. సేవాకాలం చిన్నదైనా, ప్రకటించిన వేళ ప్రతి పిలుపునూ అందుకోవాలి. ఈ పాఠం చదువుతున్న మీరు ఒక ప్రథమ చికిత్స శిక్షణలో చేరి, మీ వీధిలో మరో ఇద్దరిని చేర్పించగలిగితే మీ ఊరి సేవకు స్థాపన జరిగినట్లే.

12.10 కీలక పదాలు

మూడు ఆలస్యాలు: నిర్ణయం, ప్రయాణం, చికిత్స దశలలో జరిగే జాప్యాలు.
గోల్డెన్ అవర్: తీవ్రంగా గాయపడిన తర్వాతి మొదటి గంట. మోటారు వాహనాల చట్టంలో ఇది నిర్వచితమైంది.
అంచెల తరలింపు: ముందే నిర్ణయించుకున్న చోట రోగిని ఒక వాహనం నుంచి మరో వాహనానికి అప్పగించడం.
తొలి స్పందకుడు: వాహనం వచ్చేలోపు రోగిని చేరి ప్రథమ చికిత్స అందించే శిక్షితుడు.
విడత: విధి నిర్వహించే నిర్ణీత గంటల కాలం.

12.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 108 సేవ ఆవిర్భావాన్ని వివరించి, 2009 సంక్షోభాన్ని అది తట్టుకోగలగడానికి కారణాలను విశ్లేషించండి.
2. మీ మండలానికి స్వచ్ఛంద అంబులెన్స్ సేవా ప్రణాళికను కాలం, మనుషులు, నిధుల లెక్కలతో తయారు చేయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూడు ఆలస్యాల నమూనాను సోదాహరణంగా వివరించండి.
2. ఫ్రీడమ్ హౌస్ అనుభవం నుంచి గ్రహించదగిన అంశాలేవి?
3. 134ఎ సెక్షన్ కల్పించే రక్షణను, దాని పరిమితులను తెలపండి.
4. పిలుపుల రిజిస్టరు వల్ల సేవకు, ఊరికి కలిగే ప్రయోజనాలు ఏవి?